మూడుసార్లు అడుగుతారట

గంట మోగింది. ఇక నోరు మూసుకోవాలి. కళ్ళు కూడా మూసుకోమన్నారు గానీ, అందరూ మూసుకున్నాక నావి తెరిచున్నాయని ఎవరు చూడొచ్చారు, తెరిచే ఉంచాను. నాకు ముందు రెండు వరుసల అవతల మా అమ్మాయి వీపు ఉంది. మొహం కనపడకుండా కూర్చోబెట్టారు, వీపు చూసుకోవాల్సిందే. తెల్లబట్టలు కట్టుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుంది. పొద్దున తలంటుకున్నట్టుంది, చివర్లు ఇంకా ఆరలేదు, చొక్కా మీద అరచేయంత తడి మరక. తల తుడుచుకోవడం దీనికి ఈ జన్మకి రాదు, లేచి వెళ్ళి తువ్వాలుతో నాలుగు దులుపులు దులిపి వద్దామా అని చేతులు లాగాయి. అంతలోనే గుర్తొచ్చింది, ఈ గంట గడిస్తే తుడుచుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

గంట గడిచాక పెద్ద భిక్షుణి అడుగుతుందట. ఈ అమ్మాయి ఇల్లు విడిచి మాలో కలవడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా అని, ఒకసారి కాదు, మూడుసార్లు. తల్లిగానీ తండ్రిగానీ ఉందని ఒక్క మాట అంటే చాలు, అక్కడితో ఆగిపోతుంది, పిల్ల లేచి రంగుబట్టలు కట్టుకుని మాతో ఇంటికి వచ్చేస్తుంది. మూడోసారి కూడా ఎవరూ నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇందాక వరండాలో చెప్పులు విప్పుతుంటే ఆవిడే వచ్చి ఈ సంగతంతా చెప్పింది. నా భుజం దాకా కూడా రాదు మనిషి, గుండు మీద తెల్లగా నూగు. “మొహమాటపడకండమ్మా, ఉంటే ఉందనండి. అందుకేగా అడిగేది,” అంది. “ఇదేం పద్ధతండీ? ఒప్పుకున్నామని నోటితో చెప్పించుకోవాలి గానీ, ఊరుకుంటే ఒప్పుకున్నట్టా?” అన్నాను. “ఊరుకోవడం అంత తేలికనుకుంటున్నారా?” అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నా సంగతంతా మా అమ్మాయి ముందే ఆవిడ చెవిన వేసి ఉంటుంది.

వేస్తే వేసింది, దాచుకునే సంగతేం కాదు. నేను మాట్లాడే మనిషిని. పార్లర్ నడిపేదాన్ని మాట్లాడకపోతే ఎలా, కుర్చీలో కూర్చున్న మనిషి సగం జుట్టు కోసం వస్తుంది, సగం మాట కోసం వస్తుంది. కోడలి మీద కోపం ఎవరికి, మోకాళ్ళ ఆపరేషన్ ఎవరికి, ఎవరి కొడుకు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాడు, అన్నీ నా కత్తెర కింద రాలతాయి. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా నాలుకకి సెలవు లేదు. మా అన్నయ్య అందుకే అన్నాడు, “పొద్దస్తమానం వాగుతూనే ఉంటావుగా, ఆ ఒక్క మాట అక్కడ కూడా అనేసి పిల్లని తీసుకొచ్చెయ్.” అనేస్తాను. అనడానికే వచ్చాను. దారి పొడుగునా కారులో లోలోపల అనుకుంటూనే వచ్చాను, ఉంది, నాకు అభ్యంతరం ఉంది, గట్టిగా ఉంది. ఈయన్ని నమ్ముకుని లాభం లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఈయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా నేను ఒక్క పూటలో మాట్లాడే వాటికి సరిపోవు. అదిగో మగవాళ్ళ వైపు గోడవారగా కూర్చున్నాడు, నిటారుగా, కళ్ళు మూసుకుని, చూసినవాళ్ళు ఎంత గొప్ప ధ్యానమో అనుకుంటారు. నాకు తెలుసు, నిద్రపోతున్నాడు. కాసేపట్లో గుర్రు మొదలవుతుంది, పరువు పోతుంది. అమ్మాయి ఈ సంగతి చెప్పిన రోజున ఈయన అన్నది ఒక్కటే మాట, “దాని ఇష్టం.” దాని ఇష్టం సరే, నా ఇష్టం ఎవరు అడుగుతారయ్యా అంటే, “అడుగుతారటగా, మూడుసార్లు,” అన్నాడు.

ఊపిరి చూసుకోండి అన్నారు. వచ్చేది వస్తోందని, పోయేది పోతోందని, అంతే, ఏమీ చెయ్యక్కర్లేదట. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో వీళ్ళకేం తెలుసు. నిలబడి పనిచేసే కాళ్ళు ఇవి, మడిచి కూర్చోబెడితే ఊరుకుంటాయా, కుడి మోకాలు అప్పుడే సణగడం మొదలుపెట్టింది. పక్కనున్నావిడ బొమ్మలా ఉంది. ఆవిడ జుట్టుకి రంగు వేసుకుని చాలా రోజులైంది, పాపిట దగ్గర వేలెడు తెలుపు, వేసినవాళ్ళెవరో చెవి వెనక సరిగ్గా కడగలేదు కూడా. ఊపిరి చూసుకోవే అంటే ఊరందరి నెత్తులూ చూస్తున్నాను. బయట సన్నగా వాన మొదలైనట్టుంది, కిటికీ రేకు మీద చిటపటలు. నేల చల్లగా ఉంది, నున్నగా ఉంది, ఇంత పెద్ద హాల్లో ఒక్క అద్దం లేదు. ఎందుకో ఉక్కగా ఉంది, ఏదో తక్కువైంది అనిపిస్తూనే ఉంది వచ్చినప్పటి నుంచి, ఇదీ సంగతి, అద్దం. ఏళ్ళ తరబడి నేను మనిషి వెనక నిలబడి ముందున్న అద్దంలో మొహం చూసే అలవాటులో బతికాను. చేతుల కింద వెనక తల, కళ్ళ ఎదుట మొహం, రెండూ ఒక్కసారే నావి. ఇక్కడ వెనక తల ఒక్కటే ఇచ్చారు. మొహం ఎలా పెట్టుకుందో తెలియదు. ఏడుస్తోందా, నవ్వుతోందా, నేను వచ్చానని తెలుసా అసలు, వెనక ఎవరో ముక్కు చీదినప్పుడు అది అమ్మేనని పోల్చుకుందా. ఒక్కసారి కదలవే. ఒక్క రవ్వ, భుజమో, చెవో. నేను వచ్చిన సంగతి నీకు తెలుసని నాకు తెలిసేటట్టు.

కదలకు కదలకు అని నేనే నేర్పాను దీనికి. కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క వేసి దాని మీద కూర్చోబెట్టేదాన్ని, చెక్కకి రెక్సిన్ నేనే కుట్టించాను, ఇప్పటికీ షాపులో తలుపు వెనక ఉంది. కూర్చున్న క్షణం నుంచి అటు తిరగడం, ఇటు తిరగడం, స్ప్రే సీసా లాక్కుని అద్దం మీద కొట్టడం, కాళ్ళు ఊపడం. ఎర్రచీమల పుట్ట మీద కూర్చోబెట్టినట్టు ఉండేది. “కదలకు, చెవి తెగుతుంది.” “తెగితే మళ్ళీ అతికిస్తావా అమ్మా?” “అతికించను, చెవిటిదానివై పోతావు, అప్పుడు నా వాగుడు వినే బాధ ఉండదు.” “ఒక చెవి తెగితే ఇంకో చెవి ఉంటుందిగా,” అనేది. ఏం మాటలు, ఏం మాటలు. షాపులో వాళ్ళందరూ ముక్కున వేలేసుకునేవారు, అచ్చం తల్లే అనేవారు. దానికి నడినెత్తిన రెండు సుళ్ళు, పక్కపక్కనే. అది చూసి ప్రతివాళ్ళూ ఒకటే హాస్యం, రెండు పెళ్ళిళ్ళు చేసుకుంటుందమ్మోయ్ మీ పిల్ల అని. రెండు దేవుడెరుగు, ఒక్కటీ కాలేదు. ఆ సుళ్ళ మూలంగా జుట్టు ఎటు దువ్వినా మాట వినేది కాదు, ఇంకొకళ్ళ చేతికిస్తే అక్కడ పిలక లేస్తుంది, అందుకని ఎప్పుడూ ఇంకెవరి చేతా కత్తిరించుకోలేదు. చదువుకి దూరం వెళ్ళినప్పుడు కూడా సెలవులకి వచ్చేదాకా పెంచుకుని వచ్చేది, వచ్చి సంచీ కూడా దించకుండా కుర్చీలో కూర్చునేది. “కానివ్వమ్మా.” మా ఇద్దరి మాటలన్నీ అద్దంలోనే. పరీక్ష పోయిందని అద్దంలోనే చెప్పింది, ఎవరో అబ్బాయి నచ్చాడని అద్దంలోనే చెప్పింది, నచ్చడం మానేశాడని కూడా అద్దంలోనే. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏమీ లేదనే మనిషి, వెనక నిలబడి దువ్వెన పెట్టగానే అన్నీ చెప్పేసేది. నేను ఎన్ని మాట్లాడినా, అది చెప్పేటప్పుడు మాత్రం కత్తెర కూడా ఆపేసి వినేదాన్ని. ఇది మాత్రం ఎవరూ నమ్మరు.

మోకాలు ఇప్పుడు సణగడం మానేసి అరుస్తోంది. కదిలితే పక్కావిడ ఏమనుకుంటుందో. నొప్పి వస్తే నొప్పి అనుకోండి, అదీ పోతుంది అన్నారు మొదట్లో. పోతుందట. నొప్పి పోతుంది, ఊపిరి పోతుంది, జుట్టు పోతుంది, పిల్ల పోతుంది, పోకుండా ఏదైనా ఉంటే చెప్పండి, అది చూసుకుంటూ కూర్చుంటాను. కొత్తగా చేరే వాళ్ళకి మొట్టమొదట ఇచ్చే పాఠం ఏమిటో తెలుసా అని మా అమ్మాయి ఒకరోజు అడిగింది. ఐదు మాటలట, తల గొరుగుతుండగా చెబుతారట, తల వెంట్రుకలు, ఒంటి రోమాలు, గోళ్ళు, పళ్ళు, చర్మం, ఇవి ఎలాంటివో ఉన్నవున్నట్టు చూడమని, వీటి మీద భ్రమ పెట్టుకోవద్దని. నేను పకపకా నవ్వాను. “ఇది మా రేట్ల బోర్డు కదే,” అన్నాను. వెంట్రుకలకి కటింగు, రోమాలకి వాక్సింగు, గోళ్ళకి మానిక్యూరు, చర్మానికి ఫేషియల్. “పళ్ళొక్కటే మేం చెయ్యం. అందుకేగా నిన్ను పళ్ళ డాక్టరు చేసింది.” అదీ నవ్వింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది, తల్లీ కూతుళ్ళం కలిసి ఐదూ పంచుకున్నాం అనుకున్నాం. తరవాత ఇంటికెళ్ళి పడుకున్నాక కోపం వచ్చింది నాకు. భ్రమ అంటే ఏమిటి వాళ్ళ ఉద్దేశం. కీమోకి జుట్టంతా రాలిపోయి, మళ్ళీ వేలెడు మొలిచాక మొదటిసారి నా కుర్చీలో కూర్చుని అద్దంలో తలని అటూ ఇటూ తిప్పి చూసుకున్న మనిషి మొహం చూశారా వాళ్ళెవరైనా. అది భ్రమా? అయితే కానివ్వండి, ఆ భ్రమతోనే నా ఇల్లు నడిచింది, ఆ భ్రమతోనే దాన్ని చదివించాను.

మెడనొప్పికి వెళ్ళింది మహాతల్లి. రోజంతా నోళ్ళలోకి వంగి వంగి మెడ పట్టేసింది, ఎవరో చెప్పారు, ఈ భిక్షుణుల దగ్గర పది రోజులు మాట్లాడకుండా కూర్చుంటారు, నొప్పులు పోతాయి అని. వెళ్ళు వెళ్ళు అన్నది నేనే. మెడ మీదున్న జుట్టు కూడా పోతుందని నేనేం కలగన్నానా. వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, వెళ్ళేటప్పుడు ఉన్నంత తొందర తిరిగొచ్చేటప్పుడు ఉండేది కాదు. ఆ తరవాత ఒక సాయంత్రం షాపు మూసే వేళకి వచ్చి కుర్చీలో కూర్చుంది. కేప్ కప్పాను. “ఎంత తియ్యమంటావు?” అన్నాను. “ఈసారికి చివర్లు చాలమ్మా,” అంది. తీస్తున్నాను. అద్దంలో నన్నే చూస్తోంది. “వచ్చే నెలలో అంతా తీసేస్తారు,” అంది. నాకు అర్థం కాలేదు, అర్థమైంది, అర్థం కానట్టు దువ్వుతూనే ఉన్నాను. “నువ్వే తియ్యాలమ్మా. ఇంకెవరూ వద్దు నాకు. అడిగాను, తల్లి తియ్యొచ్చన్నారు.” దువ్వెన విసిరికొట్టాను. అది వెళ్ళి క్రీము సీసాలకి తగిలి రెండు కింద పడ్డాయి. “నా గొంతులో ప్రాణం ఉండగా నీ తల మీద కత్తి పెట్టను, వినపడిందా?” అన్నాను. కేప్ తనే విప్పుకుంది, ఒళ్ళోవి దులుపుకుంది, కింద పడ్డ సీసాలు ఏరి పెట్టింది. ఒక వైపు చివర్లు తీశాను, రెండో వైపు తియ్యలేదు, అలాగే వెళ్ళిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది, ఇక్కడికి కనపడుతూనే ఉంది, ఎడమవైపు వేలెడు పొడుగ్గా. ఎవరి చేతా సరిచేయించుకోలేదు.

అలా ఉంచుకోవడం ఎందుకే, నా ఉసురు పోసుకోవడానికి కాకపోతే. అదే చేస్తోంది, ఆ వీపు నా ఉసురు పోసుకుంటోంది. వెళ్ళిపోయిన పిల్ల మీద బెంగ పెట్టుకోవడం తెలుసు నాకు, ఎదురుగా ఉన్న పిల్ల మీద ఇంత బెంగ ఏమిటి, నాలుగడుగులు వేస్తే చేత్తో తాకొచ్చు. రేపటి నుంచి పేరు కూడా వేరేనట. నేనే వంగి దానికి దండం పెట్టాలట. పెడతాను, దండం పెట్టడానికి నాకేం బరువు, కానీ షాపు మూసే వేళకి తలుపు తోసుకుని వచ్చి “కానివ్వమ్మా” అనేది ఎవరు? ఆ తలుపు గంట మోగినప్పుడల్లా ఇకమీదట నేను తలెత్తి చూస్తాను, ఎవరో వస్తారు, రండమ్మా కూర్చోండి అంటాను. నాకు అది కావాలి. న్యాయమో అన్యాయమో నాకు అనవసరం, దాని తల నా చేతుల కింద కావాలి, అద్దంలో దాని మొహం కావాలి, నాకు ముసలితనం వచ్చి చెయ్యి వణికేదాకా దాని జుట్టు నేనే కత్తిరించాలి. అభ్యంతరమా? అభ్యంతరమే. ఇంతకన్నా పెద్ద అభ్యంతరం వాళ్ళ పుస్తకాల్లో ఎక్కడైనా ఉందేమో వెతుక్కోమనండి.

వాన గట్టిపడింది. ఊపిరి, ఊపిరి. నా ఊపిరి నాకు దొరకడం లేదు, ముక్కు దిబ్బడ వేసింది ఏడుపుతో. వెతికి వెతికి విసుగుపుట్టి దాని వైపే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనపడింది. ఇంతసేపు కదలడం లేదు, కదలడం లేదు అనుకుంటున్నాను గానీ కదులుతూనే ఉంది. చొక్కా మీది ఆ తడి మరక పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. చాలా నెమ్మదిగా, చూసే ఓపిక ఉంటేనే కనపడేంత. లేస్తోంది, దిగుతోంది. పుట్టిన కొత్తలో నా గుండె మీద బోర్లా పడుకుని నిద్రపోతుంటే ఇలాగే చూసేదాన్ని, ఊపిరి తీస్తోందా లేదా అని, నిద్రపోకుండా, అంత చిన్న వీపు. లేస్తోంది, దిగుతోంది. ఎప్పుడు మొదలైందో తెలియదు, నాదీ దానితో పాటే లేస్తోంది, దిగుతోంది. మోకాలు ఎక్కడికి పోయిందో పోయింది. వాన ఉంది, మరక ఉంది. ఎంతసేపో తెలియదు. నన్నడిగితే జన్మలో అంతసేపు నోరూ మనసూ రెండూ మూసుకుని కూర్చున్నది అప్పుడే.

అలా చూస్తుండగా పళ్ళ సంగతి గుర్తొచ్చింది. నిద్రలో పళ్ళు కొరికేది మా అమ్మాయి. పక్క గదిలోకి వినపడేది, రాయి మీద రాయి రాసినట్టు. పళ్ళ డాక్టరు అయ్యుండి పళ్ళు కొరుక్కుంటావేమే అంటే, డాక్టరు కాబట్టే తొడుగు చేసి పెట్టుకున్నానుగా అనేది, ఆ తొడుగు కూడా కొరికి అరగదీసింది. మెడనొప్పీ అందుకే అయ్యుంటుంది, దవడలు బిగబట్టి బతికిన పిల్ల. నాతో నవ్వేది, అద్దంలో అన్నీ చెప్పేది, మళ్ళీ పడుకుంటే అదే చప్పుడు. నేను అన్నీ తెలుసనుకున్నాను, ఏది కొరుకుతోందో మాత్రం నాకు తెలియలేదు, దానికీ తెలియదేమో. అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఒకరోజు నాకు మెలకువ వచ్చింది. చప్పుడు లేదు. లేచి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. నోరు కాస్త తెరిచి, దవడలు వదిలేసి, చంటిపిల్లలా పడుకుని ఉంది. ఆ రోజు తరవాత ఆ చప్పుడు మళ్ళీ వినలేదు నేను. సంతోషించాను, మెడనొప్పికి మంచి వైద్యం దొరికింది అనుకున్నాను. వైద్యం ఇంత దూరం తీసుకొస్తుందని తెలిస్తే ఆ చప్పుడే మేలనుకునేదాన్నా? ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నాకు నేనే అడుక్కున్నాను, అడుక్కున్నందుకు నా మీద నాకే చిరాకు పుట్టింది. ఎదురుగా ఆ వీపు ఎవరి కోసమూ ఎదురుచూడడం లేదు. అదే నాకు కష్టంగా ఉంది. నా కోసం కూడా ఎదురుచూడడం లేదు, నా మీద కోపంతోనూ లేదు, ఊరికే, హాయిగా, అక్కడ ఉంది.

గంట మోగింది. అప్పుడేనా అనిపించింది. మగవాళ్ళ వైపు నుంచి ఒక్క గుర్రు వినిపించి మధ్యలో తెగింది, ఈయన మేలుకున్నట్టున్నాడు. పెద్ద భిక్షుణి అమ్మాయికి ఎదురుగా కూర్చుంది. పక్కన ఇంకో భిక్షుణి, చిన్నామె, నీళ్ళ గిన్నె, సబ్బు, మంగలి కత్తి సర్దుతోంది. ఒక తెల్లగుడ్డ తెచ్చి ఈయన చేతికిచ్చారు, జుట్టు కింద పడకుండా తండ్రి పట్టుకోవాలట, లేచి వచ్చి పట్టుకుని నిలబడ్డాడు. పెద్దావిడ నా వైపు చూసి, హాలంతా వినపడేలా, మొదటిసారి అడిగింది. “ఈ అమ్మాయి ఇల్లు విడిచి రావడానికి మీకేమైనా అభ్యంతరం ఉందా?” ఉంది. నాలుక చివరనే ఉంది, దారంతా నమిలి నమిలి మెత్తగా చేసి తెచ్చుకున్న మాట. నోరు తెరిచాను కూడా. అమ్మాయి వీపు మీద తడి మరక లేచింది, దిగింది. ఇంకా రెండుసార్లున్నాయి కదా అనుకున్నాను. ఆవిడ రెండోసారి అడిగింది. నేను ఆవిడ వైపు చూడడం లేదు. చిన్న భిక్షుణి అలవాటుగా కత్తి పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో అమ్మాయి తల మీద బొటనవేలితో చూసుకుంటోంది. నడినెత్తి మీద ఆగింది వేలు, సరిగ్గా అక్కడే. ఆమె చెయ్యి మంచి చెయ్యే, కానీ ఆమె ఎన్ని తలలు చేసినా ఈ తల చెయ్యలేదు. మూడోసారి అడగడానికి పెద్దావిడ ఊపిరి తీసుకుంది.

“ఒక్క నిమిషం,” అన్నాను.

హాలంతా నా వైపు తిరిగింది. ఈయన చేతిలో గుడ్డ జారింది. అమ్మాయి మాత్రం తిరగలేదు. “చెప్పండమ్మా,” అంది పెద్దావిడ. “అక్కడ మచ్చ ఉందండీ,” అన్నాను. “నడినెత్తిన, రెండు సుళ్ళ మధ్యలో. పుట్టుమచ్చ. పెసరగింజంత పైకి లేచి ఉంటుంది, జుట్టులో కనపడదు. కత్తి అలా లాగితే తెగిపోతుంది, రక్తం ఒక పట్టాన ఆగదు. దానికి కూడా తెలియదు, తన నడినెత్తి తనకెలా తెలుస్తుంది. నాకొక్కదానికే తెలుసు.” ఎక్కడో ఎవరో నవ్వాపుకున్నారు. పెద్దావిడ నవ్వలేదు. “ఇది మీ అభ్యంతరమా?” అని అడిగింది. నిజంగానే అడిగింది, నేను అవునంటే అక్కడితో ఆపేసే మనిషే. అనొచ్చు. నోరు ఎలాగూ తెరుచుకునే ఉంది, అవును అంటే చాలు, దువ్వెన, కుర్చీ, అద్దం, తలుపు గంట, అన్నీ మళ్ళీ నావే. ఆ పళ్ళ చప్పుడు కూడా.

“కాదండీ,” అన్నాను. “అది పుట్టుమచ్చ.”

ఆవిడ తల ఊపింది. మధ్యలో మాట పడింది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి అడగాలంది. ఎంత అన్యాయం చూడండి. ఒక్కసారి మింగితేనే గొంతు దాటని దాన్ని నా చేత మళ్ళీ మింగించింది. మొదటిసారి అడిగింది, పెదవి కొరుక్కున్నాను. రెండోసారి అడిగింది, ఈయన నా వైపు చూశాడు, కళ్ళ నిండా నీళ్ళు, ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు చూడడం అదే మొదలు. మూడోసారి అడిగింది. ఆ హాల్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నా బతుకులో నేను ఇంత పెద్ద మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

“మీరు తీస్తారా?” అంది పెద్దావిడ. లేచాను. కాళ్ళు తిమ్మిరెక్కి రెండు వరుసలూ దాటేసరికి ఇద్దరిని పట్టుకున్నాను. చిన్న భిక్షుణి కత్తి నా చేతికిచ్చి పక్కకి జరిగింది. అమ్మాయి వెనక నిలబడ్డాను, ఎప్పుడూ నిలబడే చోటే. అలవాటుగా తలెత్తి ముందుకి చూశాను, ఎదురుగా అద్దం లేదు, ఖాళీ గోడ. జుట్టు చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. “తల తుడుచుకోలేదే,” అన్నాను మెల్లగా. మొదట ఎడమవైపు పొడుగ్గా ఉన్న ఆ వేలెడూ తీసేశాను, రెండు వైపులా సమానం అయ్యాయి, అప్పుడు సబ్బు రాసి మిగతాది మొదలుపెట్టాను. పాయలు పాయలుగా ఈయన పట్టుకున్న గుడ్డలో పడుతున్నాయి. పెద్దావిడ ఎదురుగా కూర్చుని ఒక్కొక్క మాటే చెబుతోంది, తల వెంట్రుకలు, ఒంటి రోమాలు, గోళ్ళు, పళ్ళు, చర్మం. అమ్మాయి వెనకే అంటోంది. పళ్ళు అన్నప్పుడు దాని గొంతులో చిన్న నవ్వు తగిలిందా, లేక నాకే అలా వినపడిందా. “మచ్చ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?” అన్నాడు ఈయన, గుసగుసగా. మీరు అడిగితేగా అన్నాను. చెవుల పక్కన చేశాను, మెడ వెనక చేశాను, ఆ మెడ మీద ఒకప్పుడు పౌడరు అద్దేదాన్ని. నుదుటి మీద నుంచి పైకి వచ్చాను. ఇక నడినెత్తి. సబ్బు నురగ వేలితో తీసి చూశాను, రెండు సుళ్ళు, మధ్యలో అది, నేను వదిలిపెట్టిన చోటే ఉంది. దాని పక్కన కత్తి అంచు ఆనించాను. అప్పుడు అమ్మాయి భుజాలు కదిలాయి. గంటంతా దేని కోసం ప్రాణం పెట్టుకుని చూశానో అది, నా చేతుల కిందనే, ఒకసారి, మళ్ళీ ఒకసారి. “అమ్మా,” అంది, ఎవరికీ వినపడకుండా. నవ్వో ఏడుపో నాకు తెలియదు, చూడడానికి అద్దం లేదు. కత్తి మచ్చ పక్కనే ఉంది. తల మీద ఎడమచెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

“కదలకు తల్లీ,” అన్నాను.